మూడు నిమిషాల మోటారు

ఆదివారం మా చర్చిలో జరిగినదాన్ని మా ఆస్టినాబాద్ పేట అంతా అద్భుతం అంటోంది. అసలు సంగతి నాకొక్కడికే తెలుసు. మీకు చెప్తాను గానీ, పాస్టరుగారి చెవిన మాత్రం వెయ్యకండి.

పోయిన నెల పిడుగు పడి చర్చి మోటారు స్టార్టర్ మాడిపోయింది. నేను మోటార్లు వైండింగ్ చేసేవాణ్ణి కదా, కమిటీ మీటింగ్‌లో లేచి లెక్చర్ ఇచ్చాను. "ఇక్కడ కరెంటు పోవడం సమస్య కాదండీ, రావడమే సమస్య. వచ్చేటప్పుడు ఒక్కసారి ఎగిరిపడుతుంది. సర్జ్ ప్రొటెక్టర్, మంచి రిలే ఉండాల్సిందే" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

మాది దీవి కదా, సామాను చెన్నై నుంచి షిప్‌లో వచ్చింది. శనివారం సాయంత్రం బిగించాను. అప్పుడు కరెంటు లేదు, పొద్దున్నే టెస్ట్ చేద్దాం లెమ్మన్నాను. పెట్టెలో ఏదో కాగితం కూడా ఉంది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాడికి కాగితం చదవడం అవమానం. మడిచి, కదులుతున్న స్టూలు కాలి కింద పెట్టాను.

ఆదివారం పదింటికి బాప్తిస్మాలు. తీసుకునేవాళ్ళలో మా బావమరిది ఒకడు. వాడు దీవుల ఉత్తరపు కొసనున్న మాయాబందర్ నుంచి రెండు రోజుల సెలవు మీద వచ్చాడు, సోమవారం పొద్దున్నే బస్సెక్కాలి. ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడు ఒప్పుకుంటాడో తెలీదని మా ఆవిడకి ఒకటే బెంగ. వానాకాలం, సముద్రం దగ్గరికి వెళ్ళే పరిస్థితి లేదు. రింగ్‌వెల్ బావి నీళ్ళు మోటారుతో తోడి చర్చి తొట్టి నింపాలి.

ఎనిమిదింటికి స్విచ్ వేశాను. కొత్త రిలే డబ్బాలో ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటోంది, మోటారు మాత్రం ఉలకదు పలకదు. ఒక నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను, ఆపేశాను. వైర్లు బిగించి మళ్ళీ వేశాను. అదే మిణుకు. మళ్ళీ ఆపాను. ఇలా గంటసేపు వెయ్యడం, ఆపడం.

"ఏటి భయ్యా, కొత్తదే కదా?" అంది పక్కింటి దీదీ.

"వోల్టేజ్ ఫ్లక్చువేషన్ దీదీ," అన్నాను. మనకి తెలీనిదానికి పెట్టే పేరు అది.

మా ఆవిడ నా వంక చూడను కూడా చూడలేదు. ఆడవాళ్ళని పిలిచి బావిలోంచి బకెట్లతో తోడడం మొదలుపెట్టింది. బావమరిది తెల్లబట్టలు వేసుకుని మరీ బకెట్లు మోస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

యోహాను తాత మా సంఘంలో పెద్దాయన. "పార్థన చేద్దామేటి బాబూ?" అన్నాడు మెల్లిగా.

"ఇది టెక్నికల్ ప్రాబ్లమ్ తాతా."

తొమ్మిదిన్నరకి నా టెక్నిక్ అయిపోయింది. "సరే తాతా, కానీ చిన్నది, జల్దీ," అని స్విచ్ వేసి చేతులు కట్టుకున్నాను. తాతకి చిన్న ప్రార్థన రాదు. ఆదాము దగ్గర మొదలుపెడతాడు. ప్రార్థన మధ్యలో స్విచ్ ఆపితే జనం చూస్తారు కదా, తల వంచుకుని నిలబడ్డాను. వంచిన తలకి స్టూలు కాలి కింది కాగితం కనపడింది. లాగి, ఒక కన్ను తెరిచి చదివాను. కరెంటు వచ్చాక ఈ డబ్బా మూడు నిమిషాలు ఆగి, అంతా సరిగ్గా ఉంటేనే మోటారుకి ఇస్తుందట. మధ్యలో ఆపితే లెక్క మళ్ళీ మొదటికొస్తుందట.

నేను గంటన్నరగా దాన్ని మూడు వరకు లెక్కపెట్టనివ్వలేదు.

నోరు తెరిచేలోగా తాత నోవహు జలప్రళయం దాకా వచ్చేశాడు. మోటారు గుర్రుమంది, తొట్టిలోకి నీళ్ళు దూకాయి. బకెట్లు కింద పెట్టేసి అందరూ స్తోత్రం అన్నారు. బావమరిది ఏడ్చేశాడు. వాణ్ణి అలా చూశాక ఏం చెప్పమంటారు? కాగితం జేబులో పెట్టుకుని నేనూ స్తోత్రం అన్నాను.

బాప్తిస్మాలు చక్కగా జరిగాయి. తర్వాత పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మైకు పట్టుకుని, "మనకి ఓపిక ఉండాలండీ" అన్నాను. నా జీవితంలో అంత నిజమైన సాక్ష్యం ఇంకోటి లేదు.

బయటికి రాగానే దీదీ ఎదురొచ్చింది. "భయ్యా, మా మోటారు కూడా ట్రిప్ అయిపోతంది."

"సాయంత్రం వచ్చి చూస్తాను దీదీ."

"అరే, నువ్వెందుకు భయ్యా? తాతని నీ స్కూటీ మీద తెచ్చి దింపెయ్, చాలు."