తవిటమ్మ కుక్కరు బేరం

ఏక్‌బాల్‌పూర్‌లో రేవు కూలీల ఇళ్ల మధ్య తవిటమ్మకు ఒక చెడ్డపేరుంది. ఏది కనబడినా ఆరా తీస్తుంది. చేపలమ్మే ఆవిణ్ణి ఈ చేప ఏ చెరువుదని అడుగుతుంది. ట్రాము కండక్టరును పట్టాలెవరు కడుగుతారని అడుగుతుంది. "నీకెందుకే ఆ గోల" అని మొగుడు కూర్మయ్య విసుక్కుంటూనే ఉంటాడు.

ఒక బంద్ రోజున, బస్సుల్లేక ఆఫీసు మానేసిన మేనకోడలు అన్నపూర్ణ ఆ ఇంటికొచ్చింది. కొట్ల యజమానులు అడిగితే, ఆమె కంపెనీ మామూలు కొనుగోలుదారుల్లా మనుషుల్ని పంపుతుంది. తమ పనివాళ్లు ఎలా మసలుతున్నారో యజమానులకు అలా తెలుస్తుంది.

"అత్తా, గరియాహాట్‌లో గిన్నెల కొట్టుకెల్లి కుక్కరు సూపించమను. ఎలాగ మాటాడేరో, కరీదైంది అంటగట్టడానికి సూసేరో లేదో వచ్చి నాకు సెప్పు. కొనక్కర్లేదు."

"కొనకుండా అడిగితే డబ్బులిత్తారేటి?"

"ఇత్తారు. నువ్వెందుకొచ్చేవో మాత్రం ఆలకి తెలీకూడదు."

తవిటమ్మకు నవ్వాగలేదు. ఊరికే చేస్తే తిట్లు పడే పనికి కూలీ కూడానా!

మర్నాడు కొట్లు తెరిచాక, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని వెళ్లింది. కొట్టు గడప దాటగానే, తనెందుకొచ్చిందో అందరికీ తెలిసిపోయినట్టే అనిపించింది. కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన ఎదురొచ్చి, "ఏం చూపించమంటారు, దిదీ?" అని అక్కను పిలిచినట్టు బెంగాలీలో అడిగాడు.

కుక్కరు చేతికి రాగానే ఆమె భయం మరిచిపోయింది. ఈల ఎందుకేస్తుంది? ఈ కన్నం పూడుకుపోతే? రబ్బరు ఎందుకు సాగుతుంది? ఆయన విసుక్కోకుండా మూత ఊడదీసి, దీపానికెదురుగా పట్టి కన్నం చూపించాడు.

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం, దాదా," అంది ఆమె కూడా అన్నను పిలిచినట్టు.

"అయితే ఇంత పెద్దది దండగ. మా ఇంట్లో చిన్నదే వాడతాం."

ఇంటికొచ్చాక అన్నపూర్ణ అడిగింది. "కరీదైంది కొనమన్నాడా?"

"నేదు. వొద్దన్నాడు."

"కరీదైందే అమ్మాలని యజమాని కోరిక. అలాగైతే ఆ లెక్కలో అతనికి మార్కులు పోతాయత్తా."

తవిటమ్మ ఇరుకున పడింది. అన్నాడని చెబితే అబద్ధం. అనలేదంటే ఆ మంచి మనిషికి మాట వస్తుంది.

"వొద్దన్నాడనే రాయి. అందుకే ఎప్పుడు కొన్నా అతని దగ్గిరే కొంతానని కూడా రాయి. రెండూ నిజవే."

అన్నపూర్ణ రెండూ రాసింది. ఆ రెండో మాట చదివిన యజమాని, తన మిగతా కొట్లకూ ఈవిణ్ణే పంపమని కంపెనీకి కబురు చేశాడు.

ఆ పనులయ్యాక ఒక చెప్పుల కొట్టు పని తగిలింది. అక్కడికి వెళుతూ, దారిలో తవిటమ్మ గిన్నెల కొట్టు అద్దంలోంచి తొంగిచూసింది. ఆయన ఎవరికో మూత ఊడదీసి చూపిస్తున్నాడు. పేరేమిటో అడగనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. కాలు గడప దాకా వెళ్లింది. ఎందుకొచ్చిందో ఆ కొట్లో తెలియకూడదన్న మేనకోడలి మాట అడ్డొచ్చి వెనక్కి తీసుకుంది. ఈయనకు పిల్లలెందరో, ఇల్లెక్కడో అనుకుంటూ చెప్పుల కొట్టు వైపు నడిచింది.