డాక్టర్ అంకుల్ అట్టల రోమ్

పోయిన మంగళవారం డాక్టర్ అంకుల్ గుండె ఆగి పోయారు. నేను డ్యూటీ దిగి బస్సెక్కాక వాళ్లబ్బాయి ఫోన్ చేసి ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మాట తెలుగులో చెప్పుకుని ఏడవడానికి ఇంగ్లండ్‌లోని ఈ నార్తాంప్టన్‌లో నాకు ఇంకెవరూ లేరు.

నర్సు ఉద్యోగానికి వచ్చిన కొత్తలో సెలవు దొరికిన ఆదివారాలు గదిలో గోడలు చూస్తూ గడిచేవి. అంకుల్ మా వీధి చివర ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు. ఆంటీ పోయాక ఒక్కరే. బస్‌స్టాప్‌లో నేను ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే విని, చారు పెట్టడం వచ్చా అని అడిగారు. ఆ ఆదివారమే వాళ్లింట్లో చారు పెట్టాను.

తినడానికి బల్ల మీద చోటు లేదు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్టలతో పాతకాలపు రోమ్‌లోని ఒక పేటను బల్లంతా కట్టేశారు. ఊరి పొలిమేరకు అవతల, నది మలుపులో ఉండే పేట. గుండ్రటి గుడి, స్నానశాలలు, జనం ఓట్లేసే ఆవరణ, పరుగు పందేల మైదానం. నాటకాలాడే థియేటర్ ఒక్కటే ఇంకా కట్టాల్సి ఉంది. రిటైరయ్యాక ఆంటీతో వెళ్లి చూడాలనుకున్నారట. ఒక్కరే వెళ్లడానికి మనసొప్పలేదు. అందులో ఒక విడిదిని మాత్రం చాలాసార్లు చూపించేవారు.

"పరాయి దేశం నుంచి వచ్చిన రాయబారుల్ని ఊళ్లోకి రానీకుండా ఇక్కడే ఉంచేవాళ్లమ్మాయ్. నలభై ఏళ్లయింది, నేనింకా ఇందులోనే ఉన్నా."

ఆయన నవ్వేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఒకసారి దుమ్ము దులుపుతూ, గుడి ఉత్తరం వైపు చూస్తోందేమిటని తూర్పుకు తిప్పి పెట్టాను. పెద్ద మేలు చేశాననుకున్నాను. అంకుల్ రెండు వారాలకు గాని కనిపెట్టలేదు, అదీ చేత్తో తడిమి. రోమ్‌కి కూడా వాస్తు చూశావా అని ఆటపట్టించారు. ఎదురుగా ఉన్నది ఇన్నాళ్లూ ఎలా కనబడలేదని అడిగాను. అంకుల్ గుడిని తడుముతూ మళ్లీ ఉత్తరానికి తిప్పారు.

"నడిమి చూపు పోతోందమ్మాయ్. అంచులే మిగిలాయి. థియేటర్ ఒక్కటి నిలబడేదాకా ఉంటే చాలు."

ఆరోజు నుంచి కత్తెర నా చేతికొచ్చింది. ఆయన వేలి కణుపులతో కొలిచి చెప్పేవారు, నేను కోసేదాన్ని. తొందరపడితే కసురుకునేవారు. నెమ్మదిగా పట్టుకుంటే రోగి అయినా అట్ట అయినా మాట వింటుందనేవారు. వార్డులో ఇప్పటికీ నాకు పనికొచ్చేది ఆ మాటే.

థియేటర్ గోడలు లేచాయి. జనం కూర్చునే అర్ధచంద్రాకారపు మెట్లు కట్టడమే మిగిలింది. ఆయన పోయే ముందు వరసగా మూడు ఆదివారాలు నేను వెళ్లలేదు. వార్డులో నర్సులు చాలడం లేదని ఫోన్ చేశాను. డ్యూటీల రోటా నీ చేతిలో ఉంటుందా, వీలైనప్పుడే రా అన్నారు. నిజానికి ఒక్క ఆదివారం షిఫ్టునైనా కాదనగలిగేదాన్ని. చివరిసారి వెళ్లినప్పుడు ఆయన నా ముఖానికి పక్కగా చూస్తూ మాట్లాడారు. అది మళ్లీ చూడలేక షిఫ్టులు ఒప్పుకున్నాను. ఇది ఆయనకు చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

అంత్యక్రియలయ్యాక వాళ్లబ్బాయి ఇల్లు తెరిచి, కావాల్సింది తీసుకోమన్నాడు. నేను బల్ల దగ్గరే ఆగిపోయాను. థియేటర్‌లో మెట్లన్నీ ఉన్నాయి. ఒకటి ఎక్కువ వెడల్పు, ఒకటి తక్కువ, కొన్ని పక్కకు ఒరిగాయి. కింది వరుస నుంచి పై వరుస దాకా, ఎండిపోయిన జిగురు నిండా అంకుల్ వేలిముద్రలు.