పచ్చ చెప్పుల పిల్ల

యూసెబియో అంటే మా దీవిలో ఎవరికీ తెలియదు. చేబో అంటే కుక్కపిల్ల కూడా అతని పాకవైపు చూస్తుంది. వీపున ఇల్లంత సంచీ మోసుకుంటూ దేశాలు పట్టి తిరిగే కుర్రకారుని హోండురాస్ ఒడ్డు నుంచి మా కాయో మంగ్లే దీవికి చేర్చేది అతనే. కొబ్బరాకుల పాకలో వాళ్లకు ఉయ్యాలలు కట్టి పడుకోబెట్టేదీ, పొద్దున్నే పక్షుల తిప్పకు తీసుకెళ్లి సాయంత్రానికి వెనక్కి తెచ్చేదీ అతనే. వయసులో ఉండగా సరుకు ఓడల్లో వంటవాడిగా సగం ప్రపంచం చూశాడు. చూసింది రేవులేననీ, ఆ రేవుల్లో కూడా సారా కొట్లేననీ అతని భార్య బసీలియా అంటుంది. ఆమె మాట కొట్టిపారేసే ధైర్యం మాకెవరికీ లేదు.

చేబోకి ఒక పట్టింపు ఉంది. పడవ ఎక్కినవాళ్లను లెక్కపెట్టడు. నీళ్ల మీద తలలు లెక్కపెడితే సముద్రం విని తన వాటా అడుగుతుందని వాళ్ల నాయనమ్మ చెప్పింది. ఈ మాట మా దీవిలో ఎవరికి తెలియదు? అందరం పైకి అనకుండా మనసులో లెక్కపెట్టుకుని ఊరుకుంటాం. చేబో మనసులో కూడా పెట్టడు. సముద్రానికి చెవులెంత పదునో నీకు తెలుసా అని మనల్నే అడుగుతాడు.

అందుకని చెప్పుల పద్ధతి కనిపెట్టాడు. అతని పడవలో ఎవరూ చెప్పులు వేసుకోకూడదు. ముందు భాగంలో చేపలు వేసే ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది, చెప్పులన్నీ అందులో పడాలి. తిప్ప దగ్గర పగడపు ముక్కలు కాళ్లు కోసేస్తాయి కనుక దిగేటప్పుడు ఎవరివి వాళ్లు తొడుక్కుంటారు, తిరిగొచ్చి మళ్లీ తొట్టిలో వేస్తారు. చేబో ఒక్క చూపు చూస్తాడు. పొద్దున చూసిన చెప్పుల్లో ఏ జత రాలేదో అతని కంటికి ఇట్టే తెలిసిపోతుంది. మనిషి ముఖం మరిచిపోతాడేమో గానీ చెప్పు మరిచిపోడు.

“ఏదో ఒకరోజు చెప్పులొస్తాయి, కాళ్లు రావు. చూస్తూ ఉండు,” అనేది బసీలియా.

“కాళ్లు లేకుండా చెప్పులు నడిచొస్తాయటే?” అనేవాడు చేబో. ఆ జవాబు తనకెంత నచ్చేదంటే, వారానికోసారైనా ఆమెచేత ఆ మాట అనిపించుకునేవాడు.

ఆ రోజు పడవ నిండా రకరకాల దేశాల పిల్లలు. ముందురోజే ఒడ్డున కలుసుకుని, ఒకే పాకలో పడుకుని, తెల్లారేసరికి ఒకే కడుపున పుట్టినట్టు తయారయ్యారు. సంచీ మోసేవాళ్ల స్నేహాలు అలాగే ఉంటాయి, వేడిగా పొంగుతాయి, ఇంటిపేర్లు కూడా తెలియవు. తిప్ప మీద వేయించిన చేపలు, కొబ్బరి రొట్టె తిన్నారు. ఈదారు. కొందరు పొదల నీడన కునుకు తీశారు. అంతలో ఉత్తరం వైపు ఆకాశం అడుగంటిన కుండలా నల్లబడింది.

చేబో కేకలు పెట్టాడు. పిల్లలు పరుగెత్తుకొచ్చారు, చెప్పులు తొట్టిలో దబదబా పడ్డాయి. అన్నిటికంటే పైన, తెగిన పట్టీకి దారం చుట్టిన పచ్చ చెప్పుల జత. చేబో చూపు వాటి మీదుగా తిరిగింది. ఒక్క జత తగ్గలేదు. లంగరు లాగి మోటారు తిప్పేలోగా వాన కొట్టింది. అందరూ టార్పాలిన్ నెత్తిన కప్పుకుని ముద్దగా ఒదిగిపోయారు. ఎవరి పక్కన ఎవరున్నారో ఎవరూ చూడలేదు.

దీవి చేరాక నవ్వుకుంటూ, వణుకుతూ, ఎవరి చెప్పులు వాళ్లు తీసుకున్నారు. తొట్టి అడుగున పచ్చ చెప్పులు మిగిలాయి.

“ఎవరివమ్మా ఇవి?” అన్నాడు చేబో.

అందరూ తమ కాళ్లవైపు చూసుకున్నారు. అర్జెంటీనా పిల్ల అయెలెన్ ముఖం పాలిపోయింది. “ఆ జర్మనీ అమ్మాయివి. మడమ ఒరుసుకుపోయిందని విప్పి నాకిచ్చింది, పడవలో వేసెయ్యమంది. అవతలి వైపు ఇసుకలో కాసేపు నడిచొస్తానంది. వచ్చేసిందనే అనుకున్నా.”

“నేను తను వెనకాల కూర్చుందనుకున్నా,” అన్నాడు అయెలెన్‌తో వచ్చిన లౌతారో. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది.

పక్షుల తిప్ప మీద ఇల్లు లేదు, మంచినీళ్లు లేవు. ఉత్తరగాలి గట్టిగా పట్టిందంటే అలలు సగం తిప్పని తుడిచేస్తాయి. మిగతా సగాన్ని కూడా తుడిచిన రోజులు చేబో చూశాడు. ఒక ఆడపిల్లను, ఎవరి బిడ్డనో, అక్కడ వదిలేసి, చెప్పులు మాత్రం భద్రంగా మోసుకొచ్చాడు.

“గాలి తగ్గనీ చేబో మామా,” అన్నాడు పక్కింటి ఫెలిసియానో. “ఇప్పుడెళ్తే ఆ పిల్లా దొరకదు, నువ్వూ దొరకవు.”

చేబో విననట్టే పెట్రోలు పోస్తున్నాడు. తల ఎత్తేసరికి బసీలియా ఖాళీ పులుసు గిన్నె పట్టుకుని పడవలో కూర్చుని ఉంది.

“దిగవే.”

“నోర్మూసుకుని తోలు. పడవలో నీళ్లు ఎవరు తోడిపోస్తారు, మీ నాయనమ్మా?”

బయల్దేరారు. గాలికి ఎదురుగా పోవడం అంటే మెట్లు లేని మేడ ఎక్కడమే. అల మీద అల వచ్చి పడవలోకి దూకుతోంది. బసీలియా ఒక చేత్తో అంచు పట్టుకుని, ఒక చేత్తో నీళ్లు తోడుతూ, నోటితో మొగుణ్ణి ఉతుకుతోంది. అతన్ని తిట్టింది, అతని చెప్పుల తెలివిని తిట్టింది, పోయిన నాయనమ్మను కూడా వదల్లేదు. ఇవన్నీ చేబోకి అలవాటే. దారి మధ్యలో తిట్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోంది. అప్పుడు పట్టుకుంది చేబోని అసలైన భయం.

మధ్యాహ్నం భోజనాలు చేసిన ఇసుక ఇప్పుడు లేదు. అక్కడంతా తెల్లటి నురగ. గాలి తగలని వైపుకు పడవ మళ్లించి, నడుం లోతు నీళ్లలోకి దూకాడు. ఒడ్డెక్కి పిలుద్దామని నోరు తెరిచాడు. పేరు రాలేదు. మరిచిపోవడం కాదు, అసలు అడగనేలేదు. ఆ పిల్ల తన ఇంట్లో నిద్రపోయింది, తన చేతి చేపలు తిన్నది, తనకు తెలిసిందల్లా తెగిన పట్టీకి చుట్టిన దారం. జీవితంలో అంత సిగ్గు అతనికి ఎప్పుడూ వెయ్యలేదు.

“పచ్చ చెప్పులూ!” అని అరిచాడు. “అమ్మా, పచ్చ చెప్పులూ!”

లంగరు వేసి వెనకే వచ్చిన బసీలియా కూడా గొంతు కలిపింది. మామూలు రోజైతే ఈ పిలుపు మీద ఏడాదికి సరిపడా వెక్కిరించేది. ఇప్పుడు అతనికంటే గట్టిగా ఆమే అరిచింది.

తిప్ప నడుమ కాస్త ఎత్తుగా ఉన్నచోట పొదలు కదిలాయి. వానకోటు కొమ్మలకు కట్టి, దాని కింద సంచీని కోడిపెట్టలా పొదువుకుని కూర్చుంది ఆ పిల్ల. పెదవులు నీలం తిరిగాయి. వాళ్లను చూడగానే లేచి నిలబడింది. పుస్తకాలు చదివి నేర్చుకున్న మా భాష ఆమెది, పెద్దల్ని గౌరవంగా ‘డాన్’ అనేంత.

“శుభ సాయంత్రము, డాన్ చేబో. మీరు వచ్చెదరని నాకు తెలియును.”

చేబో ఉన్నచోటే తడి ఇసుకలో కూలబడ్డాడు. “ఎలా తెలుసమ్మా?”

“మీరు మనుష్యులను చూడరు. చెప్పులను చూచెదరు,” అంది ఆ పిల్ల పళ్లు టకటకలాడుతుంటే. “నా చెప్పులు మిగులును. అప్పుడు మీరు వచ్చెదరు. ఈ విధముగా నాకు నేను చెప్పుకొంటిని. అనేక పర్యాయములు.” ఆ చివరి మాట దగ్గర చిన్నపిల్లలా ఏడ్చేసింది.

చేబో కూడా ఏడ్చాడు. దాచుకోవాలని కూడా చూడలేదు. పోయిన ప్రాణం తిరిగొస్తుంటే ఎవడు మాత్రం ముఖం సర్దుకుంటాడు? బసీలియా పిల్లని గుండెలకు అదుముకుని, వీపు రుద్దుతూ, “మనుషుల్ని చూడడట. విన్నావా ముసలాడా, ఒక్క రోజులో కనిపెట్టేసింది. నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది,” అని నవ్వింది. నవ్వు మధ్యలో ముక్కు చీదుకుంది.

“నీ పేరేంటమ్మా?” అన్నాడు చేబో.

“వీబ్కే.”

“వీబ్... ఏంటీ?”

“వీబ్కే.”

అతను నాలుగైదు సార్లు నమిలాడు. సారా మానేశాక నోటికి అంత కష్టమైన పని ఎప్పుడూ పెట్టలేదు. మొత్తానికి పట్టుకున్నాడు.

తిరుగుదారిలో గాలి వెనక నుంచి తోస్తోంది. వాన మాత్రం తగ్గలేదు. పిల్ల టార్పాలిన్ కప్పుకుని చేబో మోకాళ్లకు ఆనుకుని కూర్చుంది. బసీలియా నీళ్లు తోడుతూ మళ్లీ తిట్లు మొదలుపెట్టింది. ఆ తిట్లు వింటుంటే చేబోకి కడుపులో పాలు పోసినట్టు ఉంది.

“వీబ్కే,” అని పిలిచాడు.

“ఇచ్చటనే యున్నాను.”

రెండు అలలు దాటాక మళ్లీ పిలిచాడు. “వీబ్కే.”

“ఇచ్చటనే యున్నాను, డాన్ చేబో.”

“నీ కాళ్ల దగ్గరే కూర్చుంది కదయ్యా,” అంది బసీలియా. “కనపడట్లేదా?”

“కనపడుతోందే. పలకనీ.”

బసీలియా గిన్నెతో నీళ్లు తోడిపోసింది. దూరంగా మా దీవి కొబ్బరిచెట్లు మసకమసగ్గా కనిపించాయి. ఒడ్డున పిల్లలంతా వానలోనే నిలబడి ఉన్నారు. చేబో గొంతు సవరించుకున్నాడు. ఈసారి అతను నోరు తెరవకముందే టార్పాలిన్ కింద నుంచి జవాబు వచ్చింది.

“ఉన్నా మామా. ఉన్నా.”