కాయ కొట్టని మలుపు

ఈ మధ్య సెలవులకు వెళ్లినచోట కొండ కింద ఒక బోర్డు కనిపించింది: "కొత్తవారికి అనువైన జీపుదారి. వాలు ముప్పై డిగ్రీలు." బోర్డు మీది అంకెను ఉన్నదున్నట్టు నమ్మే స్వభావం నాకు ఏనాడూ లేదు. మనవరాలి పెట్టెలోని కోణమానినికి దారం కట్టి, దారానికి తాళంచెవి వేలాడదీసి కొలిచాను. రాసినదానిలో సగం కూడా లేదు. టిక్కెట్లిచ్చే ఆయన నన్ను కాసేపు గమనించి, "గట్ల రాస్తెనే ఎక్కుతరు మేడం" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ కనిపించలేదు గనుక టిక్కెట్టు తీసుకున్నాను. జీపు మొదటి గేరులో మూలుగుతూ కదలగానే మా మేనత్త గుర్తుకువచ్చింది.

ఆమె కోదాడలో బడిపంతులమ్మ. పెళ్లి మాట ఎత్తినవాళ్లకు "సూద్దాంలే" అని చెబుతూనే నలభై దాటింది. మా తాత కాంట్రాక్టు పనులకు కొన్న పాత పెట్రోలు జీపు ఒకటి ఉండేది. తోలడం ఆమెకు ఆయనే నేర్పాడు. ఎనభైల చివర్లో, ఆదివారం వచ్చిందంటే తోటి పంతులమ్మలనూ, సూర్యాపేటలో భౌతికశాస్త్రం చెబుతున్న నన్నూ ఎక్కించుకొని కోదాడ పక్కనే ఉన్న అనంతగిరి దాటి గుట్టల్లోకి వెళ్లేది. కాగిన రేకు వాసన, పెట్రోలు వాసన, పులిహోర డబ్బా వాసన కలిసి వచ్చే ఆ బండిలో మేము తోలడం నేర్చుకునేవాళ్లం. దారులకు ఆమె బడి లెక్కన తరగతులు పెట్టింది. చెరువు పక్క ఎడ్లబండ్ల బాట ఒకటో తరగతి. వాగు దాటే ఇసుకదారి మూడు. సీతాఫలం పొదల నడుమ రాళ్లు తేలిన ఎక్కుడు అయిదు. గేరు మార్చేటప్పుడు బండిని కుదిపినవాళ్లకు పై తరగతి లేదు. లెక్కల పంతులమ్మ ఒకామె ఒకటో తరగతిలోనే ఉండిపోయి, "మా పిల్లలకు తెలిస్తే పరువు పోతది, జర పాస్ చెయ్యక్కా" అని బతిమాలేది. మేనత్త కరిగేది కాదు.

అయిదో తరగతి దారి సగంలో ఒక మలుపు, ఆ మలుపులో పసుపు పూసిన రాయి. మైసమ్మ అనేవారు. ఏ బండైనా అక్కడ ఆగాలి. ఇంజను ఆపి, మగవాడు దిగి కొబ్బరికాయ కొట్టాలి. రాతిమీద పడ్డ నీళ్లు ఆరేదాకా బండి కదలకూడదు. కాదని పోతే పైన ఆగిపోతుందని నమ్మకం. ఆడవాళ్లు కొట్టిన కాయ చెల్లదు గనుక మగతోడు లేని బండికి గుట్టనెత్తి లేనట్టే. ఒక ఎండాకాలం మేము కాదని పోయాం. బండి నిజంగానే ఆగింది. కిందికి దొర్లించుకొని వచ్చేసరికి ఆ వార్త సూర్యాపేటలో మా పెదనాన్నను చేరింది. తాత పోయాక జీపు ఆయన పేరనే ఉంది. మిర్యాలగూడలో బియ్యం మిల్లాయన ఎన్నాళ్లనుంచో అడుగుతున్నాడు, అతనికి ఇచ్చేస్తానన్నాడు పెదనాన్న.

"బండి కరాబైతదని కాదు చెల్లె. నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగురికి తోలుడు రాదు గద అన్నా."

పెదనాన్నకు మాట పడి ఊరుకోవడం అలవాటు లేదు. "అయితే కాయ లేకుంట, మగతోడు లేకుంట నెత్తికెక్కి సూపియ్యి. జీపు నీదే. ఎక్కకపోతే సోమవారం మిల్లుకు పోతది" అన్నాడు. సాక్షిగా తాను జీపులో కూర్చుంటానన్నాడు. సాక్షి మగవాడైతే అది మగతోడే అవుతుంది కదా అని నేను అభ్యంతరం చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "దీన్ని సదివించుడే తప్పు" అని, ఆ ఆదివారం కాలిబాటన ముందే ఎక్కి, సంచిలో కొబ్బరికాయతో మైసమ్మ పక్కన కూర్చున్నాడు.

మేనత్త మలుపు దగ్గర ఆపలేదు. పెదనాన్నకు చెయ్యి ఊపి పోయింది. కొంతదూరం ఎక్కాక ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చింది. కింద ఎండలో పెదనాన్న సంచి పట్టుకొని లేచాడు. ఆమె స్టీరింగు వదలలేదు. "ఏందే, నీ శాస్త్రం ఏమంటది?" అంది. నేను బానెటు ఎత్తాను. పెట్రోలు పంపు ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఎండలో నెమ్మదిగా ఎక్కే బండిలో గొట్టంలోని పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని తోడలేదు. చల్లబడితే మళ్లీ పెట్రోలే. తాగే నీళ్లతో తువ్వాలు తడిపి పంపుకు చుట్టాను. పెదనాన్న రొప్పుతూ వచ్చేసరికి ఇంజను అందుకుంది.

"నేను మనసుల మొక్కుకున్న" అన్నాడాయన.

మనసులోని మొక్కును కొలిచే పరికరం నా దగ్గర లేదు. అందుకే మళ్లీ మొదటినుంచి ఎక్కాలన్నాను. ఇప్పుడే కదిలిన బండి ఈసారి చస్తే జీపు పోతుంది. ఆ సంగతి మేనత్తకు తెలుసు. అయినా, "మనసుల ఏమన్న మొక్కుకో అన్నా, నోటిమాట మాత్రం తప్పకు" అని బండిని కిందిదాకా దించింది. తడిగుడ్డ ముందే చుట్టి, మలుపు దగ్గర ఆగకుండా, మధ్యాహ్నపు నడిఎండలో ఒక్క బిగిన గుట్టనెత్తికి ఎక్కించింది. పెదనాన్న నడిచి వచ్చి, కాయను ఇంజనుకూ కొట్టలేక, ఇంటికీ మోయలేక, దాన్ని బంపరుకేసి పగలగొట్టి మా అందరికీ తలా ఒక ముక్క పెట్టాడు. "ఆడోళ్ల మొండితనానికి అమ్మనే జంకింది" అన్నాడు. సోమవారం మిల్లాయన మనిషి వచ్చి ఉత్తచేతులతో పోయాడు.

ఒక్కసారి ఎక్కితే రుజువైనట్టా అని ఎవరైనా అడగవచ్చు, నేనే అడిగాను. అందుకే తొంభైలలో ఎన్నో ఎండాకాలాలు ఎక్కాం. లెక్కల పంతులమ్మ కూడా చివరకు పాసయింది. కొత్తగా నేర్చుకొనేవాళ్లను మాత్రం మేనత్త ఆ మలుపులో నిలిపించి, ఇంజను ఆపించేది. కాయనీళ్లు ఆరేదాకా ఆగాలని ఎవరో ఆనాడు కనిపెట్టిన ఆ విరామం సరైనదే. దాని పక్కన చేర్చిన మగతోడే అబద్ధం. కాగిన ఇంజను చల్లబడడానికి కొంత కాలం పడుతుంది. ఆ కాలం, ఎదురుచూసేది ఆడదా మగవాడా అని ఎన్నడూ అడగలేదు.