ఎలుగొడ్డు పాటలు

నాకు బ్రిటిష్ బ్యాండ్ల పిచ్చి ఉందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పిచ్చి ఏమిటో మాత్రం ఎవరికీ తెలీదు. "ఆడికేదో ఇంగిలీసు పాటల రోగం" అని తేల్చేసి ఊరుకున్నారు. పూండి దగ్గర మా ఊరు. పలాస పక్కనే కాశీబుగ్గలో నా ఎలక్ట్రికల్ షాపు. పగలంతా ఫ్యాన్లూ మోటార్లూ వైరు చుట్టలూ అమ్ముకునే నడివయసు మనిషికి, ఎక్కడో ఇంగ్లండు ఉత్తరాన ఎప్పుడో కొట్టుకుని విడిపోయిన కుర్రాళ్ళ గిటార్లు వింటే గుండె పట్టేయడమేమిటని మీరూ అడగొచ్చు. నన్ను నేనూ అడిగి చూశాను. జవాబు రాలేదు, పిచ్చీ తగ్గలేదు.

విశాఖపట్నంలో డిగ్రీ చదివేటప్పుడు అంటుకుంది ఇది. హాస్టల్లో నా గదిలో ఉండేవాడి అన్నయ్య ఓడల్లో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా తమ్ముడికి సబ్బులు, చాక్లెట్లు, క్యాసెట్లు తెచ్చేవాడు. సబ్బులు వాడూ, చాక్లెట్లు అందరూ, క్యాసెట్లు నేనూ పంచుకున్నాం. వాటిలో గిటారు ఏడుస్తూ ఉంటుంది, కింద డ్రమ్ములేమో లేచి ఎగరమంటాయి. పాడేవాడు అప్పుడే నిద్రలేచి, ఇంకా మొహం కడుక్కోనట్టు పాడతాడు. ఏడవాలో ఎగరాలో తేలని పాటలు. ఆ వయసులో నాకూ ఏదీ తేలేది కాదు కాబట్టి సరిగ్గా అతుక్కున్నాయి.

ఆ బ్యాండ్లన్నీ మిల్లులు మూతపడ్డ ఊళ్ళ నుంచి, ఎప్పుడూ వాన పడే ఊళ్ళ నుంచి వచ్చాయని ఎక్కడో చదివాను. ఇంకేముంది, అచ్చం పలాసే అనుకున్నాను. వాళ్ళకి బట్టల మిల్లులు, మాకు జీడిపిక్కలు కాల్చే బట్టీలు. వాళ్ళకీ పొగ, మాకూ పొగ. వాళ్ళ మిల్లులు మూతపడ్డాయి, మావి శుభ్రంగా నడుస్తున్నాయి అన్న చిన్న తేడాని నేను లెక్కలోకి తీసుకోలేదు.

సెలవులకి ఇంటికొస్తే వేషం కూడా వాళ్ళదే. కాశీబుగ్గ టైలరు చేత వదులు ప్యాంటు కుట్టించాను. ఆయన కొలతలు రెండుసార్లు అడిగి, మూడోసారి మా నాన్నని అడిగి మరీ కుట్టాడు. రెండు లంగాలు పక్కపక్కన కట్టుకున్నట్టు వచ్చింది. తలమీద గిన్నె బోర్లించినట్టుండే టోపీ ఒకటి. మే నెలలో అవి తగిలించుకుని టెక్కలి బస్టాండులో దిగితే, ఆ ఊళ్ళోనే ఉండే మా పెద్దత్త పరుగున వచ్చి టోపీ ఎత్తి చూసింది. "ఓలమ్మా, తలకి కుట్లేటి పడ్నేదు కదా?" అంది. ఆ గాయకులు భుజాలు ఊపుతూ, కాళ్ళు ఎడంగా వేసి నడిచేవారని నేనూ అలాగే నడిచేవాణ్ణి. మా నాన్న నాలుగు రోజులు చూసి, ఎవరూ లేనప్పుడు పక్కకి పిలిచాడు. "సెగ్గెడ్డ లేసిందేట్రా? సిగ్గుపడకు, మందు రాయించుకుందాం," అన్నాడు.

తర్వాత పెళ్ళయింది. మేనమామ కూతురే. ఆ టోపీనీ ఆ నడకనీ చిన్నప్పటి నుంచి చూసిన మనిషి కాబట్టి ఆమెని మోసం చేయడానికి ఏమీ మిగల్లేదు. అయినా నాకొక ఆశ ఉండేది. ఈ లోకంలో ఇంకెవరూ వినకపోయినా పర్లేదు, ఇంట్లో ఒక్క మనిషి నాతో కూర్చుని వింటే చాలు అని. పెళ్ళయిన వారంలోనే ఒక ఇయర్‌ఫోను ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టి, ఏరి ఏరి నా ప్రాణంలాంటి పాట వినిపించాను. కాసేపు శ్రద్ధగా వింది. "పాపం, ఆడికి జలుబు సేసినట్టుంది బావా," అంది. ఇంకాసేపటికి నిద్రపోయింది. ఒకటి రెండు సార్లు కాదు, ఏళ్ళ తరబడి ప్రయత్నించాను. వంటింట్లో పెట్టాను, బండి మీద పాడాను, ఫలానా డ్రమ్మరు ఎందుకు అలిగి వెళ్ళిపోయాడో కథలు చెప్పాను. ఆమె పప్పు ఏరుకుంటూ "ఊ" కొట్టేది. ఆ "ఊ" ఎలాంటిదంటే, నేను కరెంటు బిల్లు చదివినా అదే "ఊ".

చివరికి నా పాటలకి విలువ తెచ్చిపెట్టింది ఎలుగుబంటి.

మా ఉద్దానంలో జీడిపళ్ళు రాలే రోజులొచ్చాయంటే ఎలుగులకి పండగ. తీపి వాసనకి తోటల్లోకి దిగుతాయి. వాటికి మనుషుల మీద కోపమేమీ ఉండదు గానీ, మనం చప్పుడు చేయకుండా వెళ్ళి ఎదురుపడితే మాత్రం బెదిరి మీద పడతాయి. అందుకే తోటకి వెళ్ళేవాళ్ళు డబ్బాలు కొడతారు, కేకలేస్తారు, ఫోన్లలో పాటలు పెడతారు. మనిషి వస్తున్నాడని ముందే తెలిస్తే అది దాని దారిన పోతుంది. ఆ ఏడు పక్క ఊళ్ళో ఒకాయన ఊరికే నడుచుకుంటూ వెళ్ళి, భుజం చీరించుకుని వచ్చాడు. మా తోట చూసుకునేది నా భార్యే. నాకు చెట్లు కనబడతాయి, ఆమెకి పంట కనబడుతుంది. పొద్దున్నే వెళ్ళి రాలిన పళ్ళు ఏరకపోతే సగం పశువుల పాలు, సగం ఎలుగుల పాలు. మానమంటే మానే మనిషి కాదు. "షాపులోంచి గట్టిగా మోగే పెట్టొకటి తే. సినిమా పాటలెట్టి తే," అంది.

స్పీకరు పెట్టె తెచ్చాను. సినిమా పాటలు పెట్టలేదు. లోతైన డ్రమ్ము శబ్దం నేలలోంచి ప్రయాణిస్తుందనీ, అడవి జంతువులకి అదైతే ముందే అందుతుందనీ, ఎక్కడా చదవని సైన్సు ఒకటి అక్కడికక్కడ చెప్పి, మెమరీ కార్డు నిండా నా బ్యాండ్లనే నింపాను. "ఏదో ఒకటి, మోగితే సాలు," అంది ఆమె.

మోగింది. వారం తిరక్కుండా చుట్టుపక్కల తోటల వాళ్ళు మా గుమ్మంలోకి వచ్చారు. మా తోట వైపు ఎలుగు రావట్లేదట. "బాబూ, ఆ ఎలుగొడ్డు పాటలు మా ఫోనులో కూడా ఎయ్యవా?" అని పక్కింటి పిన్ని అడిగింది. ఇంగ్లండులో లక్షలమంది నెత్తిన పెట్టుకున్న సంగీతానికి ఉద్దానం తీరంలో స్థిరపడిన పేరు ఎలుగొడ్డు పాటలు. నేను బాధపడ్డానా? అబ్బే. అడిగిన వాడికీ అడగని వాడికీ వేసిచ్చాను. తెల్లారేసరికి నాలుగు తోటల్లోంచి నాలుగు రకాల గిటార్లు మోగుతుంటే, గట్టు మీద నిలబడి పళ్ళు తోముకుంటూ ఏదో కచేరీ జరిపిస్తున్నవాడిలా మురిసిపోయాను.

అంతకన్నా పెద్ద విచిత్రం ఇంట్లో జరిగింది. ఒకరోజు ఆమె గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తోంది. చెవి పెట్టి విన్నాను. నా పాటే! ఎగిరి గంతేసేవాణ్ణే. ఇంకాస్త విన్నాక కాలు కింద పెట్టేశాను. అది నాకు అసహ్యమైన పాట. ఆ బ్యాండు మంచి రోజులన్నీ అయిపోయాక, డబ్బు కోసం చేసిన చివరి ఆల్బంలోది. గిటారు లేదు, ఆ బద్ధకపు గొంతు లేదు, పల్లవంతా లలల్లలా అని సాగదీయడం. నా లాంటి అసలు సిసలు అభిమానులెవరూ దాన్ని లెక్కచేయరు. కార్డులోకి పొరపాటున పడింది. ఆమెకి అదొక్కటే నచ్చింది. నేను కూర్చోబెట్టి, ఆ పాట వల్ల బ్యాండు పరువు ఎలా పోయిందో, ఆఖరికి ఎలా విడిపోయారో వివరించాను.

"ఇడిపోతే పోనీ. బాగుంది," అంది.

"అది వాళ్ళ పాటే కాదే అసలు."

"అయితే నా పాట. నా పాట జోలికి రాకు."

అలా ఉండగా, ఆ విడిపోయిన బ్యాండే మళ్ళీ కలిసి కచేరీ ఇస్తోందనీ, ఫోన్లో చూడొచ్చనీ తెలిసింది. పొట్టలు పెరిగి, జుట్లు ఊడిన నా దేవుళ్ళని పెద్ద చప్పుడుతో వినాలని తోట పెట్టెని షాపుకి పట్టుకెళ్ళాను. విన్నాను. మైమరచిపోయాను. పెట్టెని షాపులోనే మరచిపోయాను.

మర్నాడు లేచేసరికి ఆమె లేదు. ఆమె ఫోను చార్జింగులో ఉంది. వాకిట్లో పక్కింటి పిన్ని కళ్ళాపి జల్లుతూ, "ఏటి బాబూ, ఇయ్యాల పాటల్లేవు? నిన్న సాయంత్రం మీ తోట కంచె కాడే ఎలుగు అడుగులు సూసారంట," అంది.

బండి ఎలా తీశానో తెలీదు. తోట దగ్గర దిగితే చప్పుడన్నది లేదు. సముద్రం గాలి సరుగుడు చెట్ల మీద రొద పెడుతోంది, అంతే. "ఓలే!" అని అరిచాను. పలకలేదు. ఆ తీరంలో ప్రతి మగాడూ తన పెళ్ళాన్ని "ఓలే" అనే పిలుస్తాడు, ఎవర్ని పిలుస్తున్నారనుకుంటుంది? ఆమెకేమైనా అయితే అది నా వల్లే, ఆ ముసలి బ్యాండు వల్లే అన్న మాట తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. చప్పుడు చేయాలి. ఎలుగు ఉంటే పోవాలి, ఆమె ఉంటే తెలియాలి. చేతిలో డబ్బా లేదు. నోరు తెరిచి, నా ప్రాణంలాంటి పాట ఎత్తుకున్నాను.

రెండు మాటల తర్వాత మూడో మాట రాలేదు. ఇన్నేళ్ళు విన్న పాట! వాడు నమిలి మింగేసిన మాటలని నేనూ నమిలి మింగుతూ గడిపానన్నమాట. ఇంకోటి ఎత్తుకున్నాను. అదీ అంతే. గిటారు భాగం నోటితో వాయించాను. తోటలో ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. పొదలు కదిలిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా వాయించాను. అప్పుడు నా ప్రమేయం లేకుండా, రోజూ ఆమె కూనిరాగంలో చెవిన పడి అరిగిపోయిన ఆ దిక్కుమాలిన లలల్లలా నోట్లోంచి తన్నుకొచ్చింది. సిగ్గు విడిచి, గొంతు చించుకుని పాడాను.

పనస చెట్లకి అవతల నుంచి లలల్లలా అని తిరిగొచ్చింది.

అటు పరిగెత్తాను. నెత్తి మీద తట్ట పెట్టుకుని ఎదురొచ్చింది, నిక్షేపంగా. ఎలుగు లేదు, ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"నువ్వా బావా? ఎవడో తాగుబోతు అరుత్తన్నాడని అటేపు ఎల్లిపోతన్నాను. నా పాట ఇని ఆగాను," అంది. నా మొహం చూసి ఇంకేమీ అడక్కుండా తట్ట నా నెత్తిన పెట్టింది. కంచె దగ్గరికి వచ్చాక ఆగింది.

"ఇంతకీ ఏటంటాడు బావా, ఆడు ఆ పాటలో?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పాటల గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న. ఎవడు ఎందుకు అలిగాడో, ఏ పాట ఏ ఊళ్ళో పుట్టిందో అన్నీ నా నాలుక చివరనే ఉన్నాయి. ఈ ఒక్క పాటని మాత్రం నేనెప్పుడూ పూర్తిగా విననే లేదు.

"తెల్దు," అన్నాను.

ఆమె నా వంక ఎగాదిగా చూసింది.

"అయితే రేపు నువ్వూ తోటకి రా. ఇద్దరం ఇందాం."