పట్టికలో లేని రజిత

బట్టల దుకాణంలో కోరా గుడ్డ తాను విప్పితే చాలు, ఆ గంజి వాసనకు నాకు ఇప్పటికీ ముంబై దగ్గరి భివండిలో, శాంతి నగర్‌లోని మా కిరాణా కొట్టు వెనకగది గుర్తొస్తుంది. గోడకు అవతలే మగ్గాల షెడ్డు, పగలంతా ఆగని ఖటఖట, వానాకాలమంతా నానుతూ ఉండే గోడల చెమ్మ, గాలిలో తేలుతూ వచ్చి అన్నం పళ్లెంలో వాలే నూలు పీచు. బతుకమ్మ రోజుల్లో అమ్మ చేసిన సత్తుపిండి ముద్దల మీద కూడా ఆ పీచు తెల్లగా పడితే, ఊదుకుని తినేవాళ్లం.

ఆ గదిలోనే మా శారదక్క ఎమ్మే ఇంగ్లీషు చదివింది. మనిషికి భాష ఎలా అబ్బుతుందో చెప్పే సిద్ధాంతాలను చాప మీద కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని బట్టీ పట్టేది. రెండో ఏడు ఒక చిన్న పరిశోధన కూడా చేయాల్సి వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషు ఏ పద్ధతిలో చెబితే వస్తుందన్నది ఆమె ఎంచుకున్న ప్రశ్న. అందుకోసం మా గల్లీలో పదిమందిని పోగుచేసింది. నలుగురం దుకాణాలవాళ్ల పిల్లలం, ఆరుగురు మగ్గాల మీద కూలికి పోయేవాళ్ల పిల్లలు. అందరిలోకీ చురుకైనది రజిత. నాతోపాటే అయిదో తరగతి; గచ్చకాయల ఆటలో నన్ను ఒక్కసారీ గెలవనిచ్చేది కాదు.

బడిలో మాస్టారు ప్రతి వాక్యాన్నీ మరాఠీలోకి మార్చి రాయించేవారు. అక్క ఆ పద్ధతి పక్కన పెట్టింది. మొదటిరోజే, "మీకు ఇంగ్లీషు వస్తది, మీకే ఎరుకలేదు" అంది. మేం నవ్వాం.

"మీ బాపు పనిచేసేకాడ ఏమేమున్నయో చెప్పు" అని రజితను అడిగింది.

"షటిల్, బీము, మోటర్, బెల్టు..." అంటూనే ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి ఆగిపోయింది. "గివన్నీ ఇంగ్లీషేనా అక్కా?"

ఆ తర్వాత కొన్ని నెలలు కనబడ్డ వస్తువునల్లా, చేసిన పనినల్లా ఇంగ్లీషులో అరుచుకుంటూ తిరిగాం.

అంతలో గిరాకీ పడిపోయి మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. మూడు కుటుంబాలు బస్సెక్కి ఊళ్లకు పోయాయి, ఇద్దరు మగపిల్లలను పక్కనే ఉన్న టెంఘర్‌లో పనికి పెట్టారు. దసరా దాటాక రజిత తల్లికి దగ్గితే నెత్తురు పడింది. ఆమె కండెలు చుట్టే మిషను దగ్గర రజితను నిలబెట్టారు. అక్క, మగ్గాల సేఠు వాళ్లకిచ్చిన ఒంటిగది ఖోలీకి పోయి, పిల్లను చదువు మాన్పించొద్దని బతిమాలింది.

రజిత బాపు తల ఎత్తలేదు. "నాకు తెల్వదా బిడ్డా? ఆమె జాగల ఎవరన్న నిలవడకుంటే సేఠు ఖోలీ ఖాళీ జెయ్యమంటడు" అన్నాడు.

అక్క పెట్టిన చివరి పరీక్షకు మిగిలింది దుకాణాల పిల్లలం నలుగురమే. అందరికీ మంచి మార్కులు వచ్చాయి. మధ్యలో మానేసినవాళ్లను తీసేస్తే నీ పద్ధతి గెలిచినట్టేనని కాలేజీ సారు అన్నారట. ఆ రోజు అక్క అన్నం ముట్టలేదు. మర్నాడు ప్రశ్నల కాగితం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని రజిత పనిచేసే షెడ్డుకు పోయింది. రజిత కనుబొమ్మల మీద దూది పేరుకుంది. అక్క ఆమె చెవిలో ఒక్కో ప్రశ్నా అరిచింది. "వినస్తలేదక్కా, గట్టిగ జెప్పు" అంటూ, దారం తెగకుండా చూసుకుంటూనే, రజిత రెండింటికి సరిగా చెప్పింది, మూడోది తప్పింది. అంతలో షెడ్డులో కూలీల మీద అజమాయిషీ చేసే ముకద్దం వచ్చి మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు.

రజిత మా వెనక రెండడుగులు వేసింది. "నన్ను ఫెయిల్ జెయ్యి అక్కా, ఏం గాదు. పేరైతే తీసెయ్యకు."

అక్క తీసేసింది. ఆ పేరు ఉంచడానికి సారు ఒప్పుకోలేదు, గడువు ముంచుకొచ్చింది. ఆ ఏడు తప్పితే మా బాపు ఇంకో ఏడు చదవనిచ్చేవాడు కాదు. నలుగురి మార్కులతో పట్టిక గీసి ఇచ్చింది. ఫస్ట్ క్లాసు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఆ పరిశోధన పుస్తకం మాత్రం ఆమె మళ్లీ తెరవగా నేను చూడలేదు. ఆ ఎండాకాలంలోనే రజిత తల్లి పోయింది. ఖోలీ ఖాళీ చేసి తండ్రీబిడ్డలు ఎటు పోయారో గల్లీలో ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు నేను బీఎడ్ విద్యార్థులకు ఇంగ్లీషు బోధనా పద్ధతులు చెబుతున్నాను. మా కొట్టూ, వెనకగదీ, పక్క షెడ్డూ కలిసిపోయి ఒకే గోదామయ్యాయి. ఆ గల్లీలో తెలుగు వినబడి చాలా ఏళ్లయింది. మొన్న ఒక విద్యార్థిని తన పరిశోధన తెచ్చి చూపించింది. "మధ్యలో మానేసిన పిల్లల్ని తీసేశాను మేడమ్, ఫలితాలు చాలా బాగా వచ్చాయి" అంది.

వాళ్ల పేర్లేమిటని అడిగాను. ఆమెకు గుర్తు లేవు.