ఇత్తడి గొట్టంలో మెట్టు

జీవరత్నం లేత్ మీంచి దిగిన ముక్కను మళ్ళీ కొలవక్కర్లేదని గల్ఫ్‌లో ఈ మెసయీద్ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళుగా అనుకుంటారు. అతనిది రాజోలు దగ్గర పల్లె. ఏ ఐటీఐ గడపా తొక్కలేదు. అమలాపురంలో మోటార్లు బాగుచేసే షెడ్డులో చూసి చూసి పని పట్టుకున్నాడు. గిటారూ అలాగే పట్టుకున్నాడు. ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి శుక్రవారం ఆరాధనలో పద్దెనిమిదేళ్ళు అతనే వాయించాడు. కబుర్లు చెప్పేవాళ్ళంటే అతనికి గిట్టదు. మనిషి పని చేసి చూపించాలి, అంతే.

అలాంటి మనిషికి ఒక జబ్బు పట్టుకుంది. దాని పేరు జేమ్స్.

జేమ్స్ గుడివాడ నుంచి ఫిట్టర్‌గా వచ్చాడు. వచ్చిన మూడో నెలలో జీవరత్నం దగ్గర గిటారు నేర్చుకుంటానని కూర్చున్నాడు. మూడు కార్డులు, అంటే తీగలు కలిపి నొక్కే పట్లు, నేర్పితే మూడూ తప్పుగా నొక్కేవాడు. ఆ ఏడాదే, తోటివాళ్ళు ఆగమంటున్నా వినకుండా రెండు పైపుల మధ్య చెయ్యి పెట్టాడు. ఎడమ ఉంగరపు వేలు సగానికి తెగిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక గిటారు వంక చూసి ఏడ్చాడు. జీవరత్నానికి జాలేసింది. లంచ్ టైములో ఇత్తడి కడ్డీ ముక్క తీసుకుని లేత్ మీద చిన్న గొట్టం తిప్పాడు. మొండి వేలు ఆనుకోవడానికి లోపల సగంలో మెట్టు పెట్టాడు.

"తీగ నొక్కక్కర్లేదురా. ఇది తొడుక్కుని తీగల మీద జరుపు. గుడ్డిలో మెల్ల," అన్నాడు.

ఆ గొట్టంతోనే జేమ్స్ ఎక్కడికో పోయాడు. అతన్ని స్టోరు డ్యూటీకి మార్చారు. తీరిక దొరికింది. క్యాంపులో ఒక ఫిలిప్పీన్స్ మనిషి బ్లూస్ వినిపించాడు. అమెరికాలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ళ పాటల్లోంచి పుట్టిన సంగీతం అది. గిటారు మీద గొట్టం జారుతుంటే తీగ మనిషిలా మూలుగుతుంది. జేమ్స్ అదే పట్టుకున్నాడు. ముందు ఒక హోటల్లో వాయించాడు, తర్వాత పెద్ద హోటళ్ళలో. ఉద్యోగం వదిలి నగరంలో ఉమ్ ఘువైలినా పేటలో ఫ్లాట్ తీసుకున్నాడు. కొలంబో పిలిచింది, జర్మనీ పిలిచింది. రికార్డు వచ్చింది. ఇదంతా తొమ్మిదేళ్ళలో. కిందటి క్రిస్మస్‌కి సంఘ పెద్దలు జేమ్స్‌ని ముందు కూర్చోబెట్టి, "రత్నం గారూ, మీరు వెనక కార్డులు పట్టండి," అన్నారు. జీవరత్నం పట్టాడు. పండగ కేకు మాత్రం ముట్టలేదు.

ఇప్పుడు ఇంగ్లీషు పేపర్లో జేమ్స్ ఫోటో అరపేజీ పడింది. స్టోరులో ఉండే ఫరీదుద్దీన్‌ది జగిత్యాల. ఆ పేపరు పట్టుకుని లేత్ దగ్గరికి వచ్చాడు.

"ఏం జీవన్నా, మీ జేమ్స్ పేపర్ల పడ్డడు. గురువు ఎవరంటే తెగిన వేలే నా గురువన్నడట. నీకేమో పది వేళ్ళున్నయి, ఒక్కటన్న యాదికి రాలే ఆయనకు."

"పని చేసుకోనీ భాయ్."

"చేస్కో, చేస్కో. నువ్వు గూడ ఒకటి కోస్కుంటే పేపర్ల పడుదువేమో."

ఆ శుక్రవారం ఆరాధన కాగానే జేమ్స్ అల్ వుకైర్‌లో జీవరత్నం ఇంటికి వచ్చాడు. భార్య సుకుమారి టీ పెట్టింది. జేమ్స్ జేబులోంచి గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద లోతుగా గాటు పడి ఉంది.

"స్టేజీ ఇనప మెట్ల మీద పడిపోయిందన్నయ్యా. తీగ మీద గరగరమంటోంది. గురువారం పెద్ద ప్రోగ్రాం, ఆ మర్నాడే మూడు దేశాలు తిరగాలి. ఇలాంటిదే ఇంకోటి చేసిపెట్టాలి మీరు."

"గాటు లేనివైపు తిప్పి పెట్టుకో."

"తిప్పితే నా చెయ్యిలా ఉండట్లేదన్నయ్యా."

ఎక్కడలేని వగలూ నేర్చాడనుకున్నాడు జీవరత్నం. ఒకప్పుడు ఏరా అని పిలిచిన నోటికి ఇప్పుడు ఆ పిలుపే రావడం లేదు. "చూద్దాంలే, బుధవారానికి ఇస్తా," అన్నాడు.

అతను నమూనాకి పాత గొట్టం వదిలి వెళ్ళాక సుకుమారి, "పాపం, మిమ్మల్నే నమ్ముకున్నాడు," అంది.

"బజార్లో బోలెడు దొరుకుతాయి. వాటితో వాయించుకోమను."

"మరి చేస్తానని ఎందుకన్నారు?"

ఎందుకన్నాడో ఆదివారం లంచ్ టైములో తేలింది. జీవరత్నం కొత్త గొట్టం తిప్పుతూ, బయటి వైపు మధ్యలో వెంట్రుక వాసి పొట్ట ఉంచేశాడు. కంటికి తెలియదు, చేతికీ తెలియదు. కానీ గొట్టం మధ్య తీగల మీద ఆనితే చివరి తీగలను సరిగా తాకదు. అంతమంది ముందు ఆ గిటారు కీచుమంటుంది. ఎందుకో జేమ్స్‌కి అంతుపట్టదు. వేలి వల్ల వచ్చిన పేరు వేలి వల్లే పోయిందనుకుంటారు. మెరుగు పెట్టి చూసుకున్నాడు. అద్దంలా ఉంది. ఇరవై రెండేళ్ళలో అతను కావాలని తప్పు చేసిన మొదటి ముక్క అది. గుడ్డలో చుట్టి డ్రాయర్లో పెట్టాడు.

పక్కపక్కన పెడితే తేడా కనబడకూడదు కదా అని, సోమవారం పాత గొట్టాన్ని మైక్రోమీటర్‌లో పెట్టాడు. ఒకవైపు కొలిస్తే తను చేసిన కొలతే వచ్చింది. గాటు పడిన వైపు, గాటుకి దూరంగా కొలిస్తే తక్కువ వచ్చింది. మైక్రోమీటర్ తుడిచి మళ్ళీ కొలిచాడు. తప్పు లేదు. ఆ వైపు పొడుగునా, మధ్యలో ఎక్కువగా, మిల్లీమీటర్లో పదో వంతు అరిగిపోయింది.

జీవరత్నం స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గట్టి ఇత్తడి. ఆకురాయి కాదు, ఎమరీ కాగితం కాదు, ఉత్త తీగలు రాసుకుని అంత అరగాలంటే ఎన్ని గంటలు పడుతుందో ఆ షాపులో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తను వారానికోసారి గిటారు పెట్టె తెరిచేవాడు. వీడు తొమ్మిదేళ్ళుగా ఎప్పుడైనా మూశాడా? తను పొట్ట పెట్టిన సరిగ్గా ఆ చోటే వీడు లోతు చేసుకున్నాడు.

అదృష్టం కలిసొచ్చిందని ఇన్నాళ్ళూ తిట్టుకోవడం తేలిగ్గానే ఉండేది. ఈ పదో వంతుని ఏమని తిట్టాలి? కడుపులో మంట చల్లారకపోగా ఇంకా లోపలికి దిగింది.

డ్రాయర్లోని ముక్క తీసి తుక్కు ఇత్తడి డబ్బాలో పడేశాడు. మంగళవారం ఇంకొకటి తిప్పాడు. లోపల మెట్టు పెట్టాడు. ఈసారి లేత్ ఆపేసి, అర్ధచంద్రపు ఆకురాయితో, తర్వాత ఎమరీ పట్టీతో, ఒక్క వైపు మాత్రం చేత్తో దించాడు. రుద్దడం, కొలవడం, మళ్ళీ రుద్దడం. రెండు రోజులు లంచ్ డబ్బా తెరవలేదు.

"మిషనుకి బుష్షా?" అనడిగాడు ఫరీదుద్దీన్.

"జేమ్స్‌ది."

ఫరీదుద్దీన్ ఏదో అనబోయి, అతని మొహం చూసి, "తిని చెయ్యి జీవన్నా," అని వెళ్ళిపోయాడు.

బుధవారం డ్యూటీ దిగి ఉమ్ ఘువైలినా వెళ్ళాడు. జేమ్స్ కొత్త గొట్టం తొడుక్కుని తీగల మీద ఒకసారి జరిపాడు. ఆగి, గొట్టం తీసి, ఒకవైపు బొటనవేలితో తడిమాడు.

"అరుగుదల కూడా పెట్టారా అన్నయ్యా?"

"ఇలాంటిదే కావాలన్నావుగా." తర్వాత అడగకూడదనుకున్నదే అడిగేశాడు. "పేపర్లో నీ వేలే గురువన్నావంట."

జేమ్స్ తల దించలేదు. "మరేం చెప్పమంటారు? మీరు నేర్పింది మూడు కార్డులు. అవీ నాకు రాలేదు. గొట్టం ఎవరు చేశారని ఒక్కడూ అడగలేదు. అడిగితే మీ పేరు చెబుదామని తొమ్మిదేళ్ళుగా చూస్తున్నా."

అడగకపోతే నువ్వే చెప్పకూడదా అని జీవరత్నానికి నోటిదాకా వచ్చింది.

"పాతది మీరే ఉంచుకోండి," అన్నాడు జేమ్స్. రెండు పాసులు కూడా ఇచ్చాడు.

కింద కారులో కూర్చుని జీవరత్నం పాత గొట్టం తీశాడు. తన ఎడమ ఉంగరపు వేలికి తొడిగాడు. వేలు సగం దాకా వెళ్ళి మెట్టుకి తగిలి ఆగిపోయింది. నెట్టాడు. దిగలేదు. గొట్టం వేలి చివర వేలాడింది. ఆ మెట్టు కొలత అతనికి ఇప్పటికీ నోటికొచ్చు.

సుకుమారి ఫోన్ చేసింది. "ఇచ్చేశారా? ఏమన్నాడు?"

"బాగుందన్నాడు. రేపటికి పాసులిచ్చాడు."

"మీరు రారుగా."

జీవరత్నం గొట్టం లాగి జేబులో వేసుకున్నాడు.

"వస్తా. ముందు వరసలో కూర్చోవాలి, రేపు తొందరగా తయారవ్వు. వాడి చెయ్యి కనబడాలి నాకు."